మూడో వరుస కింది మడి

అన్యాయం ఎవరికి జరిగింది? లాల్‌బీకి.

ఎలా జరిగింది? ఒక్క వాక్యంతో.

ఎనిమిదేళ్ల కిందట, సౌరవిద్యుత్ ప్లాంటు కోసం విడవలూరు తీరంలోని ఉప్పుమడులను కొలిచిన సర్వేయరు రిజిస్టరులో ఇలా రాశాడు: "ఇక్కడ పనిచేసేవారెవరూ లేరు."

పైవాళ్లంతా ఆ మాటే నమ్మారు. భూమిగలవారికి పరిహారం అందింది. ముప్పై ఏళ్లు ఆ మడుల్లో ఉప్పు లాగిన లాల్‌బీకి ప్లాంటులో కూలిపని కూడా దక్కలేదు. తోటివారు తలోదిక్కుకూ వలసపోయారు. కంచె పక్కన పాకలో ఆమె ఒక్కతే మిగిలింది.

ఎండలు ముదిరిన ఒక మధ్యాహ్నం, భుజాన సంచితో ఒక ముసలాయన వచ్చి పాక నీడన కూర్చున్నాడు.

"నీ మడి ఎక్కడుండేదమ్మా?"

"ఆ మూడో వరుస సోలారు పలకల కింద. ఇప్పుడు కరెంటు పండతా ఉండాది."

"పక్కది?"

"హజరత్తయ్యది. దానెనక లిల్లీది. నీకెందుకు పెద్దాయనా?"

ఆయన ఆ పేర్లు నోటుబుక్కులో రాసుకున్నాడు.

పదిరోజులు వరుసగా వచ్చాడు. పలకరించే మనిషి దొరికాడని మురిసిన లాల్‌బీకి క్రమంగా అనుమానం పుట్టింది. కంపెనీ మనిషి కాడు గదా?

పదకొండో రోజు ఆయన అడిగాడు: "వానాకాలంలో మీరంతా ఎక్కడికి పోయేవాళ్లమ్మా?"

"వానల్లో ఉప్పు పండుద్దా? మడులు మునిగితే నాట్లకు పోయేవాళ్లం. ఎండ పడినాక వచ్చేవాళ్లం. ఈ మాత్రం తెలీదా?"

ఆయన నోటుబుక్కు మూశాడు.

"తెలుసుకోలేదమ్మా. కాసిని మంచినీళ్లిస్తావా?"

"ఇన్ని ఆరాలు తీస్తా ఉండావంటే నువ్వు కంపెనీ మనిషివే. మడులు పోయినాయి. ఇంక నా పాక నీడ కూడా కొలుచుకోని పోతావా? లే, పో!"

ఆయన లేచి వెళ్లిపోయాడు. మళ్లీ రాలేదు. ఖాళీ పడిన ఆ నీడ వైపు లాల్‌బీ చాలా మధ్యాహ్నాలు చూసింది.

మూడు నెలలకు భూసేకరణ ఆఫీసు నుంచి రమ్మని కబురొచ్చింది. అక్కడి అధికారిణి కరుణాకుమారి నలభై ఒక్క పేర్లు చదివింది. మొదటిది లాల్‌బీది. అందరికీ ప్లాంటులో శాశ్వతమైన పని.

"మా పేర్లు ఎవురు చెప్పినారమ్మా?"

"టైటస్ గారని, భుజాన సంచితో తిరిగే ఒక పెద్దాయన. ఏ మడిలో ఎవరు పనిచేశారో రాసి, ప్రమాణపత్రం ఇచ్చారు. పోయిన నెల చనిపోయారు. తన బాకీ తీరిందని మీకు చెప్పమన్నారు."

"ఆయప్ప నాకేం బాకీ? గుక్కెడు నీళ్లు ఇయ్యనిదాన్ని నేను!"

కరుణాకుమారి పాత సర్వే రిజిస్టరు తెరిచి, అందులోని వాక్యం చదివి వినిపించి, ప్రమాణపత్రాన్ని దాని పక్కన పెట్టింది.

నలభై ఒక్క పేర్ల కింద ఉన్నదీ, ఎనిమిదేళ్ల కిందటి వానాకాలంలో రాసిన "ఇక్కడ పనిచేసేవారెవరూ లేరు" అన్న వాక్యం కింద ఉన్నదీ ఒకే సంతకమని, చదువు రాని లాల్‌బీకి కూడా తెలిసింది.