అరవై ఒకటో పేరు

"ఆ పేరు కొట్టేయండి మేడం," అన్నాడు నరేంద్ర. అతని వేలు అడ్మిషన్ రిజిస్టర్‌లో చివరి పేరు మీద ఉంది.

హెడ్మిస్ట్రెస్ కృష్ణకుమారి రిజిస్టర్‌ను తన వైపు లాక్కుంది. ఆళ్లగడ్డకు ఏడు కిలోమీటర్ల దూరంలో ఉన్న ఆ ప్రాథమిక పాఠశాలలో పది గంటలకు తల్లిదండ్రుల కమిటీ ఎన్నిక. ఇంకా పావుగంట ఉంది.

బడిలో చదివే పిల్లల తల్లిదండ్రులకు, లేదా వాళ్లను ఇంట్లో ఉంచుకున్న సంరక్షకులకే ఓటు. అందుకే నరేంద్ర వర్గం, గురుస్వామి వర్గం పది రోజులుగా తమ పిల్లలను నంద్యాల, ఆళ్లగడ్డ ప్రైవేటు బడులు మాన్పించి ఇక్కడ చేరుస్తున్నాయి. చివరి పేరు గురుస్వామి మనవడిది. ఆ పిల్లవాడు చేరి గంట కూడా కాలేదు.

"వాళ్లమ్మా నాయనా ఉండేది నంద్యాలలో. ఈడ వాడికేం పని?" అన్నాడు నరేంద్ర.

గురుస్వామి వరండా మెట్టెక్కాడు. "నా మనవడు నా ఇంట్లో ఉంటాడు. నీదేం పోయెప్పా?"

"నాది ఎన్నిక పోతాది."

ఇద్దరి వెనకా చెరో పాతికమంది ఉన్నారు. గేటు బయట మోటారు సైకిళ్లు అడ్డదిడ్డంగా ఆపి ఉన్నాయి. బందోబస్తుకు వచ్చిన కానిస్టేబుల్ శాంతయ్య ఒక్కడే. అతను ఫోన్ తీసి స్టేషన్‌కు చేశాడు. జీపు వేరే ఊళ్లో ఉందన్నారు.

కృష్ణకుమారి పక్కన ఉషశ్రీ నిలబడి ఉంది. బడిలో ఉన్న ముగ్గురు టీచర్లలో ఆమె చిన్నది. సాయంత్రం అయిదింటికి పిల్లల సంఖ్య జిల్లా కార్యాలయానికి వెళుతుంది. అరవై దాటితే తరగతికో టీచర్‌ను ఇస్తారు. దాటకపోతే అయిదు తరగతులకూ ఇద్దరే. ఉషశ్రీని ఇంకో మండలానికి పంపేస్తారు. పోయిన నెల పిల్లల సంఖ్య నలభై నాలుగు. ఈ ఉదయానికి అరవై ఒకటి. ఒక్క పేరు కొట్టినా లెక్క అరవై దగ్గర ఆగిపోతుంది.

"కొట్టకపోతే ఎన్నిక జరగదు," అన్నాడు నరేంద్ర. అతని మనుషులు కుర్చీలు మడిచి గోడకు ఆనించసాగారు. గురుస్వామి మనుషులు వాటిని మళ్లీ వేయబోయారు. ఎవరో ఎవరినో తోశారు. ఒక కుర్చీ మెట్ల మీంచి జారి కింద పడింది. శాంతయ్య లాఠీ చేతిలోకి తీసుకున్నాడు కానీ కదల్లేదు. తల్లులు తరగతి గదుల తలుపులు బయటి నుంచి మూసి, వాటికి అడ్డంగా నిలబడ్డారు.

కృష్ణకుమారి ఎర్ర పెన్ను మూత తీసింది. ఉషశ్రీ ఆమె మోచేయి పట్టుకుంది.

"అమ్మానాయనా ఊర్లో లేరని కొట్టాలంటే అందరివీ చూడాల," అంది కృష్ణకుమారి. "నరేంద్రన్నా, మీ చెల్లెలి కూతుర్ని మూడో తరగతిలో చేర్పించినారు. ఆయమ్మి అమ్మానాయనా యాడుంటారు?"



"డోన్‌లో," అన్నాడు గురుస్వామి.

"పాప ఈడనే ఉంటాంది, మా ఇంట్లో," అన్నాడు నరేంద్ర.

"ఎప్పట్నుంచి? నిన్న పొద్దున బస్సు దిగినప్పట్నుంచా?"

కొందరు నవ్వారు. నరేంద్ర వెనక్కి తిరిగి చూడగానే నవ్వు ఆగింది.

"ఇద్దరి పేర్లూ కొడతా," అంది కృష్ణకుమారి. "ఇద్దరికీ సమ్మతమైతే ఇప్పుడే చెప్పండి."

నరేంద్ర తన వాళ్లను చూశాడు. గురుస్వామి పెదవులు కదులుతున్నాయి, లెక్క వేస్తున్నాడు. పెన్ను రిజిస్టర్ మీద అంగుళం ఎత్తులో ఉంది.

తలుపు దగ్గర నుంచి బాలమ్మ గొంతెత్తింది. ఆమె ఉపాధి పనికి వెళుతుంది. ఇద్దరు పిల్లలు మొదటి నుంచీ ఈ బడిలోనే చదువుతున్నారు.

"వాన పడితే కప్పు కారి మా పిల్లోళ్లు బల్లల కింద కూసుంటాండ్రి. అప్పుడు ఒక్కరన్నా వచ్చినారా? ఈ పొద్దు ఓటుకు వచ్చి పేర్లు కొట్టమంటాండారు."

నరేంద్ర మెట్టు దిగాడు. "ఉండనీలే," అన్నాడు. గురుస్వామి కూడా దిగాడు. కృష్ణకుమారి పెన్నుకు మూత పెట్టింది.

పది దాటాక చేతులెత్తించారు. ఒక్కో తరగతికి ముగ్గురు చొప్పున పదిహేను మంది సభ్యులు. ఎనిమిది మంది నరేంద్ర వైపు వాళ్లు, ఏడుగురు గురుస్వామి వైపు వాళ్లు. నరేంద్ర భార్య చైర్‌పర్సన్ అయింది.

గురుస్వామి ఫలితం కాగితం మీద సంతకం పెట్టి లేచాడు. ఓడిపోయాం కదా అని పిల్లలను తీసుకుపోతారేమోనని ఉషశ్రీ చూస్తోంది.

"మా పిల్లోళ్లు ఈడనే చదువుతారు," అన్నాడు గురుస్వామి. "రోజూ మధ్యాహ్నం వచ్చి అన్నం రుచి చూసి పోతా. నీ కమిటీ ఏం చేస్తాదో నేనూ చూస్తా."

"రా పెద్దాయనా," అన్నాడు నరేంద్ర. "నీకంటే ముందు నేనుంటా. పైకప్పు నెలలో వేయించకపోతే అడుగు."

సాయంత్రం అయిదుకు కృష్ణకుమారి ఫోన్‌లో అరవై ఒకటి అని నమోదు చేసి పంపింది. అందిందని సమాచారం వచ్చింది. ఉషశ్రీ బల్ల మీద తల వాల్చింది. తర్వాత, కమిటీకి నిలబడతామని ముందు అన్నది ఏ వర్గమని అడిగింది.

కృష్ణకుమారి హ్యాండ్‌బ్యాగు భుజానికి తగిలించుకుంది.

"ఎవరూ అనలేదమ్మా. నరేంద్ర నిలబడతాండాడని గురుస్వామి ఇంట్లో చెప్పినా, గురుస్వామి నిలబడతాండాడని నరేంద్ర ఇంట్లో చెప్పినా."