అడక్కుండా అనుకున్నవి

పరవాడ మందుల కంపెనీలో ల్యాబు ఉద్యోగం వచ్చిందని, రేపే చేరమని ఫోన్ రాగానే చపాతీపిండి చేతులతోనే గెంతాను.

"పెళ్ళయ్యేక ఉద్యోగాల ఊసు మానేత్తావనుకున్నాం కదే!" అంది అత్తయ్య.

"మానేస్తానని నేనెప్పుడన్నాను?"

"అనాలేటి? పెళ్ళిచూపుల్లో తలూపేవు."

"బెల్లం గవ్వలు నువ్వే చేశావా అంటే ఊపాను!"

సాయం కోసం మా ఆయన ధనరాజ్ వైపు చూశాను. ఆయన టీవీ వైపు చూశాడు.

ఒళ్ళు మండింది. కానీ నా తరఫున మాట్లాడతానని ఆయనా ఎప్పుడూ అనలేదు. అత్తయ్యలాగే నేనూ అడక్కుండానే అనుకున్నాను.

టీవీ కట్టేశాను.

"ఏవండీ, రేపు ఆరున్నరకి కంపెనీ బస్సు. బండి మీద స్టాపు దాకా దింపుతారా?"

"అమ్మ..."

"మిమ్మల్నే అడుగుతున్నాను."

"దింపుతాను," అన్నాడు, కాస్త గట్టిగానే.

అత్తయ్య నోరు తెరిచేలోగా చెప్పేశాను.

"అత్తయ్యా, రేపు ఆరింటికే బయల్దేరుతున్నాం."