టేపు వేసిన కిటికీ

“కిటికీ తెరువు బిడ్డా.”

ద్రవ నైట్రోజన్ క్యాను గుమ్మంలో దింపగానే ఆ పెద్దమనిషి అన్న మొదటి మాట అది.

శ్రీవర్ధన్‌కు ఒళ్లు మండింది. పొద్దున్నుంచీ కూర్చుని కిటికీ సందులన్నిటికీ టేపు అంటించింది తెరవడానికా?

“తెరిస్తే చెమ్మ వస్తది కాకా. బయట ముసురు చూస్తలేవా?”

సిద్దిపేటలో మూడు రోజులుగా అదే ముసురు. ఆరేసిన బట్ట ఆరడం లేదు. శ్రీవర్ధన్‌కు ఆ తడిగాలే శత్రువు.

బల్ల మీద కంప్యూటర్ గ్రాఫిక్స్ కార్డు ఉంది. ఉన్న ఒక్క బండీ అమ్మి కొన్నాడు. దాని మీద రాగి గిన్నె బిగించి, అందులో నైట్రోజన్ పోసి, సున్నాకు నూట యాభై డిగ్రీలు కిందికి దించి, కంప్యూటర్‌ను మామూలు కంటే వేగంగా పరుగెత్తించాలి. అంత చలికి గాలిలోని తడి మంచుగా పట్టి, నీరై కారుతుంది. ఒక్క చుక్క లోపలికి దిగిందా, కార్డు గోవిందా.

అందుకే కార్డు నిండా వ్యాజిలిన్ పూశాడు. బొమ్మలు గీసేవాళ్లు వాడే మెత్తటి రబ్బరు పిసికి సందుసందులో అదిమాడు. పైన టిష్యూ కాగితాలు చుట్టాడు.

ఆన్‌లైన్ పోటీకి నాలుగింటిలోపు ఆ వేగం స్కోరు పంపాలి. మొదటి ముగ్గురికి బెంగళూరులో ఉద్యోగం. ‘ఆ డబ్బాలు కూడు పెడతయారా’ అని రెండేళ్లుగా ఇంట్లో మాటలు పడుతున్నవాడికి అది ఉద్యోగం కాదు, పరువు.

ఈ విద్యంతా నేర్పింది ఒక గురువు. ముఖం ఎన్నడూ చూపలేదు. వీడియోల్లో రెండు చేతులు, వాటి వెనక చెవి విరిగిన ఒక చేర్యాల బొమ్మ, అంతే. నాలుగేళ్ల కిందటి చివరి వీడియోలో, ‘వానకాలం కిటికీలకు టేపు వెయ్యాలె. రేపు చేసి చూపిస్త’ అన్నాడు. ఆ రేపు మళ్లీ రాలేదు. ఏ పెద్ద కంపెనీయో ఎగరేసుకుపోయి ఉంటుందని శ్రీవర్ధన్ మురిసిపోయేవాడు.

పెద్దమనిషి కార్డు మీదికి వంగాడు.

“ఎనక బాజు రబ్బరు తక్కువైంది. స్క్రూల కాడ.”

చూస్తే నిజమే. వీర్యం నిలవచేసే పశువుల దవాఖాన క్యాన్లు మోసేవాడికి ఈ సంగతి ఎట్లా తెలుసు?

“గిది నీకెట్ల ఎరుక కాకా?”

“చూసిన బిడ్డా. మస్తు చూసిన. గాలి ఆడకుంటె పాణానికి మంచిది గాదు. జరంత కిటికీ...”

“గంట సేపే. నువ్వు పోరాదు!”

“ఖాళీ క్యాను తీస్కపోవాలె. మెట్ల మీద కూసుంట.”

శ్రీవర్ధన్ తలుపు మూసి దాని సందుకూ టేపు వేశాడు.

నైట్రోజన్ పోశాడు. తెల్లటి పొగ బల్ల దిగి నేలంతా పరుచుకుంది. మైనస్ ఎనభై. మైనస్ నూట పది.

“బిడ్డా, పలుకు!” బయటి నుంచి కేక.

“ఆ!”

ఐదు నిమిషాలకు మళ్లీ. “పలుకు బిడ్డా!”

“పలికిన గద! జర సప్పుడు చెయ్యకు కాకా!”

మైనస్ నూట నలభై. స్కోరు ఎగబాకుతోంది. మూడో స్థానం. రెండో స్థానం. శ్రీవర్ధన్‌కు ఎందుకో నవ్వొచ్చింది. అంకెలు రెండేసిగా కనిపించాయి. రాత్రి నిద్ర లేదు కదా, అందుకే అనుకున్నాడు.

“పలుకు!”

పలకబుద్ధి కాలేదు.

కిటికీ అద్దం భళ్లున పగిలింది. తడిగాలి లోపలికి దూకింది. ఒక చెయ్యి అందులోంచి వచ్చి తలుపు గొళ్లెం తీసింది. ఆ చేతి నిండా నెత్తురు.

పెద్దమనిషి అతన్ని మెట్ల మీదికి ఈడ్చి వానలో పడుకోబెట్టాడు. లోపల కార్డు మీద మంచు కరిగి బొట్లుబొట్లుగా కారింది. తెర నల్లబడింది.

నాలుగింటికి ఇంకా పది నిమిషాలుంది.

ఊపిరి తిరగగానే శ్రీవర్ధన్ నోట వచ్చింది తిట్టే.

“నా బతుకు మీద నీళ్లు వోసినవ్! నీకొక కొడుకుంటె తెలుస్తుండె, వాని కష్టమేందో!”

పెద్దమనిషి చేతికి తువ్వాల చుట్టుకున్నాడు.

“నిజమే బిడ్డా.”

క్యాను ఎత్తుకుని దిగిపోయాడు. మూత మరిచిపోయాడు.

మర్నాడు ఆ మూత సంగతి చెబుదామని, పశువుల దవాఖానలో పనిచేసే రమాకాంత్‌కు ఫోన్ చేశాడు. నైట్రోజన్ ఇప్పించింది అతనే. జరిగిందంతా విని రమాకాంత్ అరిచాడు.

“టేపులేసిన గదిలనా? సచ్చిపోతుంటివి గదరా! గా గ్యాసు మంచి గాలినంత ఎల్లగొడ్తది. వాసన రాదు, దగ్గు రాదు. నిద్ర వట్టినట్లే పాణం పోతది.”

శ్రీవర్ధన్ పగిలిన కిటికీ వైపు చూశాడు.

“గా కాకా ఎవలన్నా?”

“చేర్యాల భిక్షపతి. మా మనిషి గాదు. పిలగాళ్లు ఎవలన్న గ్యాసు అడిగితే తనకు జెప్పుమంటడు. క్యాను తనే మోసుకొస్తడు. మనం ఇయ్యకుంటె ఇంకోకాడ తెచ్చుకుంటరు, పక్కన నేనన్న ఉంటా అంటడు.”

శ్రీవర్ధన్ చేర్యాల బస్సెక్కాడు. క్షమించమని ఎట్లా అడగాలో దారంతా కూడబలుక్కున్నాడు. సిగ్గుతో మాట కుదరలేదు.

ఇంట్లో ఆయన భార్య బుచ్చవ్వ ఒక్కతే ఉంది.

“ఆయన లేడు కొడుకా. హుస్నాబాద్‌ల ఎవలో పిలగాడు గ్యాసు అడిగిండంట. కట్టు గట్టిన చెయ్యితోనే ఉరికిండు.”

“ఈ మూత ఇద్దామని వచ్చిన అవ్వా.”

“మా పిలగాడు రాజేశ్ అర్రల పెట్టు. నాలుగేండ్ల కింద వాడు పోయిన్నాడే తలుపులు, కిటికీలు అన్ని పీకేసిండు మీ కాక. వాన గొడ్తది, జర పైలం.”

అర్రలోకి జల్లు కొడుతోంది. కిటికీ ఉండాల్సిన చోట గోడకు పాత టేపు ముక్కలు ఇంకా అంటుకుని ఉన్నాయి.

మూత పెట్టడానికి వంగిన శ్రీవర్ధన్‌కు, బల్ల మీద చెవి విరిగిన చేర్యాల బొమ్మ కనిపించింది.