ద్వారబంధం మీద గీతలు

“నెత్తురు ఇంకాస్త పొయ్యవయ్యా మేస్త్రీ! ఆ గీతల్లోంచి కారుతున్నట్టుండాలి” అన్నాడు నిర్మాత.

రంగుల మేస్త్రి గిన్నెలోకి తొంగి చూశాడు. చక్కెర పాకంలో ఎర్రరంగు కలిపి చేసిన నెత్తురు అది. పొద్దున చేసిన దాంట్లో సగం అప్పుడే చీమల పాలయింది. ఇలాంటి చవక దయ్యాల సినిమాలకి ముప్పై ఏళ్ళుగా పనిచేస్తున్నాడు గనక, వాటిలో దయ్యాలకంటే చీమలకే ఎక్కువ వేషాలుంటాయని అతనికి తెలుసు.

“ఇంతకు మించి పోస్తే చీమలు హీరోయిన్ని ఎత్తుకుపోతాయి సార్.”

అది మూతపడిన పాత పిచ్చాసుపత్రి. సోమవారం నుంచి కూల్చేస్తారు. ఈలోగా ఆడవాళ్ళ వార్డులో ఆఖరి సన్నివేశం తీసెయ్యాలి. దయ్యం పట్టిన డాక్టరు గొడ్డలితో తలుపునీ ద్వారబంధాన్నీ ముక్కలు చెయ్యాలి. ఎలాగూ పోయే కట్టడమే, నిజంగానే నరికించెయ్యొచ్చని నిర్మాత సంబరం.

దుమ్ము దులుపుతుంటే బయటపడ్డాయి ఆ గీతలు. ద్వారబంధం చెక్క మీద తొడ ఎత్తు నుంచి మొదలై, ఒకదాని పైన ఒకటిగా ఇరవై అడ్డగీతలు.

“పిచ్చివాళ్ళు గోళ్ళతో గీకి ఉంటారు. ఎంత సెట్టు వేసినా రాదయ్యా ఈ భయం!” అన్నాడు నిర్మాత.

దర్శకుడు చూరుకి బల్బు బిగిస్తున్నాడు. ఈ సినిమాకి నిచ్చెన అద్దెకు తేలేదు, ఆ అవసరమూ లేదు. చెయ్యెత్తితే చూరు అందే మనిషని యూనిట్లో అందరూ చాటుగా అతన్నే ‘నిచ్చెన’ అంటారు.

అతనికి ఈ భవనం మీద ఎందుకింత పట్టో మేస్త్రికి అంతుపట్టలేదు. గోడౌన్లో సెట్టు వేద్దామంటే ససేమిరా అన్నాడు. వచ్చిన మొదటి రోజంతా రికార్డు గదిలో కూర్చుని చెదలు తిన్న రిజిస్టర్లు తిరగేశాడు. కథ కోసం పరిశోధనట. ఒకప్పుడు ఈ వార్డులో ఉండి, తీసుకెళ్ళే దిక్కులేక వెనక ఆశ్రమంలో మిగిలిపోయిన పన్నెండుమంది ముసలమ్మల్ని గుంపు సన్నివేశాలకి అడిగాడు. వాళ్ళలో ఒకావిడ జ్వరమని రాలేదు. వచ్చిన పదకొండుమందినీ ఒక్కొక్కరుగా ఎదురుగా కూర్చోబెట్టుకుని, ఇక్కడికి ఎప్పుడొచ్చారో, ఎలా వచ్చారో అడిగాడు. చివరికి ఇంకా దొరకలేదని నిట్టూర్చాడు. దయ్యం వేషానికి తగిన ముఖం కాబోలనుకున్నాడు మేస్త్రి.

ఆ పన్నెండో ఆవిడ ఇవాళ లేచి వచ్చింది. మేస్త్రి కుంచె ఎత్తేసరికి గుమ్మానికి అడ్డంగా నిలబడింది.

“దానికి రంగెయ్యకు నాయనా.”

“పక్కకి జరుగు మామ్మా, అవతల టైమవుతోంది” అన్నాడు నిర్మాత.

“గోళ్ళతో గీకినవి కావు బాబూ ఇవి. చెంచా కాడతో నేను గీసినవి.”

“ఎందుకు మామ్మా?” అడిగాడు మేస్త్రి.

“మా పిల్లాడి కొలతలు. ఏటా పుట్టినరోజుకి ఒకటి.”

నిర్మాత ఫక్కున నవ్వాడు. “పిచ్చాసుపత్రిలో పుట్టినరోజులా!”

“కాన్పయ్యాక నా ఏడుపు ఆగడం లేదని చంటిబిడ్డతో సహా తెచ్చి ఇక్కడ వదిలారు. ఏడుపు నెలకే ఆగింది. తీసుకెళ్ళడానికే ఎవరూ రాలేదు.” ఎవరి సంగతో చెబుతున్నట్టు చెప్పిందావిడ. “ఆరో గీత దాకా వాడిక్కడే నిలబడ్డాడు. తర్వాత పిల్లల హోముకి పంపేశారు. ఏ ఊరో కూడా చెప్పలేదు.”

మేస్త్రి గీతలు మళ్ళీ లెక్కపెట్టాడు. “మరి పైన ఇంకో పద్నాలుగున్నాయే?”

“నా దగ్గర లేనంత మాత్రాన ఎదగడం మానేస్తాడా? ఏటా ఎంత ఎదిగుంటాడో అంచనా వేసి గీశాను. పైవాటికి బల్ల ఎక్కాల్సొచ్చింది. ఇరవై దాటితే ఇక ఎదగరని డాక్టరమ్మ చెబితే ఆపేశాను.”

“ఇంత ఎత్తా! కన్నది కొడుకునా, కరెంటు స్తంభాన్నా?” అన్నాడు నిర్మాత.

“ఆరేళ్ళు చూశానుగా, వాడెలా ఎదిగేవాడో నాకు తెలీదూ?”

మేస్త్రికి తన ఇంటి గోడ మీది పెన్సిల్ గీతలు గుర్తొచ్చాయి. గిన్నె కింద పెట్టేశాడు.

“నావల్ల కాదు సార్. ఇంకో తలుపు చూసుకోండి.”

“నీకూ పట్టిందా పిచ్చి? నాలుగు దాటితే వెలుగుండదు! డైరెక్టరుగారూ, మీరైనా చెప్పండి వీళ్ళకి!”

“కట్” అన్నాడు దర్శకుడు.

కెమెరా అసలు తిరగనే లేదు. అందరూ వెనక్కి చూశారు. అతను ఒక చేత్తో గోడ పట్టుకుని బూట్లు విప్పుతున్నాడు. మేజోళ్ళు కూడా తీసేశాడు. సన్నివేశం తనే నటించి చూపిస్తాడేమో అనుకున్నాడు మేస్త్రి.

దర్శకుడు వట్టికాళ్ళతో వచ్చి, ద్వారబంధానికి మడమలు ఆనించి నిటారుగా నిలబడ్డాడు.

“గడ్డం ఎత్తకూడదు, దొంగ కొలత వస్తుంది” అంది ముసలావిడ, పాత అలవాటు కొద్దీ.

అతను బుద్ధిగా గడ్డం దించాడు.

“మేస్త్రీ, స్కేలు.”

మేస్త్రి బల్లెక్కి అతని నెత్తిమీద స్కేలు అడ్డంగా ఆనించాడు. ముసలావిడ స్కేలునీ, ఇరవయ్యో గీతనీ, కిందనున్న ముఖాన్నీ మార్చి మార్చి చూసింది.

“అంగుళం తక్కువ గీశావు, అమ్మా.”