నొప్పి పదికి ఎంత?

ఎవరీ ఆడమనిషి? నా నొప్పితో ఈవిడకేం పని?

ఇసొగాయ్ మసువోకి తొమ్మిదేళ్లుగా ఉన్న అనుమానం ఇది.

ఏటా నవంబరులో, పెర్సిమన్ పళ్లు తొక్క తీసి, దండలు గుచ్చి, చూరు కింద ఆరగట్టే రోజుల్లో ఆ ఫోను వచ్చేది.

"ఆసుపత్రి నుంచి నిషివాకినండి. మీ ఊపిరితిత్తి ఆపరేషన్ సంగతి."

క్యాన్సర్ అని ఆయన కుడి ఊపిరితిత్తిలో పైభాగం తీసేశారు. ఆ తర్వాత నొప్పికి కొందరికి మార్ఫిన్ ఎక్కువగానూ, కొందరికి తక్కువగానూ ఇచ్చారు. పదేళ్లకి ఎవరెలా ఉంటారో చూడాలని డాక్టర్ల పరిశోధన. అది మొదలై మూడేళ్లు దాటాక ఆయనా ఒప్పుకునే చేరాడు. తక్కువ మందు గుంపులో పడ్డాడు.

"మెట్లెక్కితే ఆయాసం వస్తోందా?"

"మీ దయ వల్ల, లేదండి."

"కోత దగ్గర నొప్పి? పదికి ఎంత?"

"మీ దయ వల్ల, సున్నా."

ఇసొగాయ్ వాళ్ల ఊళ్లో ఎవరు కుశలం అడిగినా అదే జవాబు. ఇల్లు అంటుకున్నా ‘మీ దయ వల్ల వెచ్చగా ఉందండి’ అనే రకం మనుషులు.

ఆవిడ అంతటితో వదిలేది కాదు.

"నిజంగా సున్నాయేనా? తొందరేం లేదు. ఆలోచించుకుని చెప్పండి."

"సున్నాయే."

ఫోను పెట్టగానే భార్య ఫుమియె అందుకునేది.

"సున్నా అట, సున్నా! మరి చంక కింద తువ్వాలు మడత పెట్టుకుని తిరిగేదెవరో? చెయ్యెత్తి దండ కట్టలేక నన్ను నిచ్చెన ఎక్కించేదెవరో?"

"ప్రాణం పోకుండా కాపాడారే. ఇంకా నొప్పి నొప్పి అంటే వాళ్లని తప్పుపట్టినట్టు ఉండదూ?"

"అబద్ధమాడి, పొద్దున్నే బుద్ధుడి ముందు ఎలా కూర్చుంటారో మరి!"

ఆ మాట ఆయనకి గుచ్చుకునేది. మర్యాద కోసం ఆడినది కూడా అబద్ధమేనా? రోజూ అమిదా బుద్ధుడికి దీపం పెట్టి ఇదే అడిగేవాడు.

ఒక ఏడు మాత్రం విసుగొచ్చింది.

"ఎన్నిసార్లు అడుగుతారమ్మా? కుర్చీలో కూర్చుని ఫోన్లు చేసేవాళ్లకి నొప్పంటే ఏం తెలుస్తుంది?"

ఆవిడ నవ్వింది. "ఈ ఏడు పళ్లు బాగా కాశాయా?" అని అడిగి పెట్టేసింది.

పదో ఏడు ఫోను రాలేదు.

పళ్లు ఎండాయి. వాటి మీద తెల్లగా తీపి పొడి పట్టింది. ఫోను మోగినప్పుడల్లా ఇసొగాయే ముందు లేచాడు.

"పాపం, ప్రియురాలు మరిచిపోయినట్టుంది," అంది ఫుమియె.

"నీకెప్పుడూ వేళాకోళమే."

డిసెంబరులో, ఏటా చేయించుకునే పరీక్షకి ఇద్దరూ ఆసుపత్రికి వెళ్లారు. క్యాన్సర్ జాడ లేదన్నారు. ఆయన ఇంటిదారి పట్టకుండా, ఎండు పళ్ల పెట్టె ఒకటి పట్టుకుని పరిశోధన గది ఎక్కడో కనుక్కున్నాడు.

లోపల తొకునో అనే లేడీ డాక్టరు ఉంది.

"నిషివాకి గారున్నారాండీ? ఈ ఏడు ఫోను చెయ్యలేదు."

తొకునో కుర్చీలోంచి లేచి నిలబడింది.

"సెప్టెంబరులో పోయారండి."

ఇసొగాయ్ పెట్టెని మెల్లగా బల్ల మీద పెట్టాడు.

"మరి, ఈ ఏటి నా జవాబు?"

"పోయినేటిదే తీసుకుంటున్నాం. ఈ నెలాఖరుకి పరిశోధన ముగుస్తుంది. తక్కువ మందు ఇచ్చినవాళ్లలో ఇన్నేళ్ల తర్వాత నొప్పేమీ మిగల్లేదని తేలుతోంది. అదే ఖాయమైతే ఏప్రిల్ నుంచి మా దగ్గర అందరికీ తక్కువే ఇస్తాం."

"అందరికీనా?"

"మీ గుంపులో దాదాపు అందరూ సున్నా అనే చెప్పారు కదండీ."

ఇసొగాయ్ భార్య వంక చూశాడు. ఫుమియె కిటికీ వంక చూస్తోంది.

ఆపరేషన్ మర్నాడు దగ్గమన్నప్పుడు మంచం కడ్డీ పట్టుకుని వణికిపోవడం ఆయనకి గుర్తొచ్చింది. ఏప్రిల్ నుంచి ఆ కడ్డీ ఎంతమంది పట్టుకోవాలో!

"డాక్టరమ్మా, నేను చెప్పింది తప్పు."

"ఏ ఏడు చెప్పిందండీ?"

"అన్నేళ్లూ."

తొకునో కలం తీసింది. "మొదటి ఏడు?"

"ఆరు."

"ఎనిమిది," అంది ఫుమియె. "చొక్కా తగిలినా ఉలిక్కిపడేవారు. ఎనిమిది రాయండమ్మా."

"రెండో ఏడు?"

"ఏడు."

"ఇది నిజమే," అంది ఫుమియె.

అలా తొమ్మిదేళ్లూ అయ్యాయి. తొకునో కలం పక్కన పెట్టి కళ్లజోడు తుడుచుకుంది.

"నిషివాకి గారు మాతో పోట్లాడేవారు. ఈ సున్నాలు నమ్మకండి, ఎవరో ఒకరు వచ్చి దిద్దుతారు, అప్పుడే ముగించకండి అని."

"నాది అబద్ధమని ఆవిడకెలా తెలుసు?"

తొకునో అలమరలోంచి ఒక కాగితం తీసి, ఆయన అంకెలు అందులో ఎక్కించి, ఆయన ముందుకి జరిపింది.

"దిద్దినచోట సంతకానికి బదులు మీ పేరు ముద్ర వెయ్యాలండి."

ఫుమియె సంచీలోంచి ముద్ర తీసి ఇచ్చింది.

ఇసొగాయ్ దానికి సిరా అద్ది, తన అంకెల పక్కన వంకర లేకుండా నొక్కిపెట్టి, చెయ్యి తీశాక చూశాడు: ‘జవాబులు దిద్దుకున్న రోగులు’ అన్న ఆ కాగితం మీద ఆయనకన్నా ముందు ఒక్కటే వరస ఉంది, పదేళ్ల కిందటి తేదీతో, మూడు సున్నాలు కొట్టేసి, పక్కన ‘నిషివాకి’ అన్న ఎర్రటి ముద్రతో.