పులి ఊపిరి

కారు తలుపు వెయ్యగానే పులి దాన్ని మళ్లీ తీసే పిడి ఎక్కడుందో వెతుక్కున్నాడు.

పులి అతని అసలు పేరు కాదు. ఆఫీసులో పెట్టిన పేరు. ఎందుకు పెట్టారని అతన్ని ఓసారి చూసినవాళ్లెవరూ అడగరు.

అతనికి కార్లంటే ద్వేషం లేదు. ఆగి ఉన్న కారంటే ప్రాణం. అద్దంలో చూసుకుని తల కూడా దువ్వుకుంటాడు. అది కదిలితేనే గొడవ. పోయిన వారం పరీక్షలో ఎర్రలైటు పడి కారు ఆగగానే, తలుపు తీసుకుని దిగి తిన్నగా ఇంటికి నడిచొచ్చేశాడు. వెనక మోగిన హారన్లకి రైలొచ్చిందనుకుని పక్కవీధి వాళ్లు పెట్టెలు సర్దుకున్నారట.

"ఇంకొక్కసారి పరీక్ష మధ్యలో దిగిపోయావంటే ఉద్యోగం మర్చిపో," అన్నాడు పై ఆఫీసరు.

ఆ ముక్క ఇంటికొచ్చి భార్యకి చెప్పాడు. ఆవిడ ఏడవలేదు, తిట్టలేదు.

"రేపట్నుంచి మీరు యోగాకి పోతున్నారు," అంది. అది అడగడం కాదు, చెప్పడం.

టైర్ల కొట్టు మీద గది. యోగా మాస్టారు ఎంత సన్నమంటే, ఆయన పక్కకి తిరిగితే ఇవాళ క్లాసు లేదనుకుని జనం వెళ్లిపోయేవాళ్లు.

"భయాన్ని తరమకు నాయనా. అది నీలో అద్దెకున్న మనిషి లాంటిది. ముందు ఏ గదిలో ఉందో చూడు."

పులి కళ్లు మూసుకుని చూశాడు. "కడుపులో ఉందండీ. మోకాళ్లలో కూడా ఉంది. మెడ దగ్గర ఇంకొకటి సామాను దింపుతోంది."

"ఖాళీ గది ఏదైనా ఉందా?"

"చెవులు ఖాళీగానే ఉన్నట్టున్నాయండీ."

మాస్టారు కాసేపు తనే గట్టిగా ఊపిరి పీల్చి వదిలాడు. "అయితే చెవులతోనే మొదలుపెడదాం. నీ ఊపిరి చప్పుడు నువ్వు విను. మెల్లగా పీల్చు. ఇంకా మెల్లగా వదులు. భయం ఉంటే ఉండనీ. నువ్వు మాత్రం లేచి పోకు."

వృక్షాసనం వేస్తే పులి కొట్టేసిన చెట్టులా పడేవాడు. వీరభద్రాసనం వేస్తే గోడే అతనికి ధైర్యం చెప్పాల్సొచ్చేది. శవాసనం మాత్రం అద్భుతం. అది చూసి మాస్టారే కంగారుపడి ముక్కు దగ్గర వేలు పెట్టి చూసేవాడు.

అదీ పులి దగ్గరున్న సరుకు. ఆ సరుకుతోనే ఇవాళ మళ్లీ కారెక్కాడు.

కారులో ఇద్దరే. పులి, ఒక పెద్దావిడ. నల్లకళ్లద్దాలు, బిగించిన పెదాలు. ఆవిడ్ని చూస్తే ట్రాఫిక్ లైటు కూడా భయపడి రంగు మార్చుకునేలా ఉంది.

"బెల్టు పెట్టుకున్నారా?" అంది.

"పెట్టుకున్నానండీ."

"వెళ్దామా?"

వద్దని చెబుదామనుకున్నాడు. నోట్లోంచి మాత్రం "వెళ్దామండీ" అని వచ్చింది.

కారు కప్పలా ఓ గెంతు గెంతి ఆగిపోయింది.

"కంగారేం లేదు. మళ్లీ చూద్దాం," అంది ఆవిడ.

ఈసారి కదిలింది. రోడ్డు మొత్తం లేచి అతని మీదికొచ్చింది. పాలవ్యానొచ్చింది. సైకిలొచ్చింది. ఒక గోడ కూడా వచ్చింది. గోడలు కదలవని చిన్నప్పుడు చదువుకున్నాడు. ఈ గోడ చదువుకున్నట్టు లేదు.

మెల్లగా పీల్చాడు. ఇంకా మెల్లగా వదిలాడు.

"ఆ బుస్సుమనేదేంటి? టైరు పోయిందా?"

"కాదండీ. నేనే."

మలుపులో కుక్క అడ్డొచ్చింది. పులి కుడికాలు పాతాళం దాకా దిగేలా తొక్కాడు. కారు ఆగలేదు. మళ్లీ తొక్కాడు. ఆగలేదు. కుక్క ఇద్దరి మొహాలూ చూసి, సంగతి అర్థం చేసుకుని, తనే పక్కకి తప్పుకుంది.

"హమ్మయ్య, బతికాం," అంది ఆవిడ.

"నిజంగానా అండీ?" అన్నాడు పులి.

ఎర్రలైటు పడింది. కారు ఆగింది. పులి చెయ్యి తనంతట తనే తలుపు దగ్గరికి పోయింది. ఒక్క లాగు లాగితే చాలు. కింద నేల. కదలని, చల్లని, బంగారం లాంటి నేల. ఆ తర్వాత ఇల్లు. ఇంట్లో భార్య. ఆవిడ తిట్టదు. మొహం చూసి అన్నం పెడుతుంది. అదే భరించలేడు.

భయం ఏ గదిలో ఉందా అని చూశాడు. చెవులతో సహా ఇల్లంతా నిండిపోయింది. ఊపిరి చప్పుడు విందామంటే గుండె గోలలో వినబడట్లేదు. చెయ్యగలిగిందేమీ లేదు. ఏదీ అతని చేతుల్లో లేదు. సరే, ఉండనీ అనుకున్నాడు. చెయ్యి వెనక్కి తీసుకుని ఒళ్లో పెట్టుకున్నాడు.

ధైర్యమొచ్చి కాదు. కాళ్లు పనిచెయ్యక. అయినా దిగకపోవడం దిగకపోవడమే.

పచ్చలైటు పడింది. ఆ తర్వాత దారంతా కళ్లు మూసుకునే ఉన్నాడు. చివరికి కారు బయల్దేరిన చోటికే వచ్చి, ఆఫీసు గేటు స్తంభాన్ని ముద్దుగా తాకి ఆగింది.

అయిపోయింది. పులి జీవితంలో మొదటిసారి పరీక్ష ఆఖరుదాకా కారులోనే ఉన్నాడు. ఏడుపూ నవ్వూ కలిసే వచ్చాయి.

పెద్దావిడ స్టీరింగు మీంచి చేతులు తీసి, కళ్లద్దాలు పైకి నెట్టుకుని, బితుకుబితుకుమంటూ అడిగింది: "బాబూ, ఇంతకీ నన్ను పాస్ చేసినట్టా, లేనట్టా?"