గురవమ్మ కోడలు

కోడలిని గుంటూరు రైలెక్కించడానికి మార్కాపురం రోడ్డు స్టేషనుకు వచ్చిన అత్త గురవమ్మ, ఉషారాణి సంచిలోంచి జారిన డాక్టరు చీటీ చూసి నోరు తెరిచింది.

"తలనొప్పికని చెప్తివే! ఈడ ఛాతీ బొమ్మ గీసిండారేంది?"

ఉషారాణి సిగ్గుతో కుంచించుకుపోయింది. ఇక దాచలేకపోయింది.

"నాకు ఒకటి చిన్నది, ఒకటి పెద్దది అత్తా. చిన్నదాంట్లో సిలికాన్ పెట్టొచ్చంట, లేదంటే పెద్దదాన్ని తగ్గించొచ్చంట. ఏది మేలో మాట్లాడదాం రమ్మనింది డాక్టరమ్మ."

"మావాడేమన్నా అన్నాడా?"

"ఆయన ఇంతవరకు గమనించనే లేదు."

గురవమ్మ పగలబడి నవ్వింది. "వాళ్ళ నాయనా అంతే! నలభై ఏండ్లు కాపురం చేసినాడు. నాకు కుడిపక్కది చిన్నదని ఆయనకు తెలిస్తే ఒట్టు!"

ఉషారాణి తెల్లబోయింది. ఎండాకాలంలో కూడా అత్త భుజాల చుట్టూ కొంగు కప్పుకుని తిరుగుతుంటే ఇన్నాళ్ళూ చాదస్తమనుకుంది.

"ఎవరికీ చెప్పలేదా అత్తా?"

"ఎవరికి చెప్పాల? నవ్వుతారని భయపడితి." గురవమ్మ చీటీ మడిచి కోడలి చేతిలో పెట్టింది. "చేపిచ్చుకుంటే చేపిచ్చుకో, వద్దనుకుంటే మానుకో. ఒక్కదానివే మాత్రం పోబాకు."

ఉషారాణి లేచి వెళ్ళి ఇంకో టికెట్టు తెచ్చింది.